ఒక్క మాట రాసి పదకొండు మందిని తీసేశా



పోస్టు పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి. సగం కంప్యూటర్ సంగతి, సగం నేను చేసిన తప్పు సంగతి. కంప్యూటర్ గ్రూపు కానోళ్లకు కూడా అర్థమయ్యేట్టు రాయాలని చూస్తా. బీటెక్ వాళ్లు, బీఎస్సీ కంప్యూటర్స్ వాళ్లు మాత్రం మధ్యలో వదిలేయకండి. రేపో ఎల్లుండో మీ చేతికి కూడా ఇలాంటి లిస్టు ఒకటి వస్తుంది.

మా హాస్టల్లో మొత్తం 118 మందిమి ఉంటాం. పోయిన సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చాక ఒక లెక్చరర్ సారు హాస్టల్‌కి వచ్చి, బ్యాక్‌లాగ్స్ ఉన్నోళ్లకు రోజూ సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా మ్యాథ్స్ చెప్తానన్నారు. డబ్బులేం వద్దన్నారు. "ఎవరెవరికి బ్యాక్‌లాగ్స్ ఉన్నాయో పేర్లు రాసివ్వండి చాలు. ఎన్ని ఉన్నాయి, ఏవి ఉన్నాయి అనేది నేనే కూర్చోబెట్టుకుని అడుగుతా" అన్నారు. వార్డెన్ సారు నన్ను పిలిచి "నువ్వు సీఎస్‌ఈ కదరా, ఆ లిస్టు నువ్వు చెయ్" అన్నారు.

చేత్తో రాస్తే గంటన్నరలో అయిపోయే పని అది. కానీ నాకప్పుడు ఎఫ్ షార్ప్ అనే భాష కొత్తగా వచ్చింది. కొత్తగా ఈత నేర్చుకున్నోడు చెంబుడు నీళ్లు చూసినా దూకుతాడు కదా, నా పరిస్థితి అదే.

ఎఫ్ షార్ప్ అనేది ఫంక్షనల్ భాష. మాకు ఒక ఎలెక్టివ్‌లో వచ్చింది. ఉన్న విలువను మాటిమాటికీ మార్చుకుంటూ పోకుండా, ఒక విలువలోంచి ఇంకో విలువ కట్టుకుంటూ పోయే పద్ధతి. ఉచితంగా దొరుకుతుంది, లైనక్స్ మీద కూడా నడుస్తుంది కాబట్టి మా ల్యాబ్‌లో పాత సిస్టంలో వేసుకోగలిగా. కానీ నాకు నచ్చింది అందుకు కాదు. నేను కీబోర్డు మీద చెయ్యి పెట్టిందే ఇంటర్‌లో. ఇంగ్లిష్ స్పెల్లింగ్ అంటే ఇప్పటికీ భయమే. ఫస్టియర్‌లో పైథాన్‌లో ఒక కాలమ్ పేరు తప్పుగా కొట్టి, ప్రోగ్రాం నడిచి నడిచి సగంలో పడిపోతే, ఒక పూటంతా వెతికా. చివరికి చూస్తే ఒక్క అక్షరం తేడా. పక్కనోళ్లు నవ్వారు. ఎఫ్ షార్ప్‌లో ఆ తప్పు రాస్తుండగానే కింద ఎర్ర గీత వస్తుంది. ఎవరూ చూడకముందే దిద్దుకోవచ్చు. నాలాంటోడికి అది చిన్న విషయం కాదు.

ఆ ఎర్ర గీత ఎలా వస్తుందంటే, టైపుల వల్ల. టైపు అంటే ఏంటో మన సంతలో చెప్పుకుందాం. చింతపండు తూకం వేస్తారు. కొండచీపుర్లు కట్టలు లెక్కపెడతారు. తేనె సీసాలో కొలుస్తారు. "రెండు లీటర్ల చీపుర్లు ఇవ్వు" అంటే ఎవరైనా నవ్వుతారు. ఏ సరుకును దేంతో కొలవాలి, దాన్ని ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అని ముందే ఒప్పుకున్న మాటే టైపు. ప్రోగ్రాం నడవకముందే కంపైలర్ మొత్తం చదివి, ఎక్కడైనా చీపుర్లను లీటర్లలో అడిగామా అని చూస్తుంది. ఆ చూసే సమయాన్నే కంపైల్ టైం అంటారు.

మామూలుగా ఈ టైపులు మనమే రాయాలి. నా ఫైల్లో పద్నాలుగు కాలమ్‌లు. పేరు అంటే అక్షరాలు, వయసు అంటే అంకె, చేరిన రోజు అంటే తేదీ అని పద్నాలుగూ కూర్చుని రాయాలి. ఎఫ్ షార్ప్‌లో దానికి ఒక దారి ఉంది, దాని పేరే టైప్ ప్రొవైడర్. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ కేంబ్రిడ్జ్‌లో డాన్ సైమ్ అనే ఆయన ఈ భాషను తయారుచేశారు. 2012లో వచ్చిన ఎఫ్ షార్ప్ 3.0తో ఈ టైప్ ప్రొవైడర్లు వచ్చాయి.

అది చేసే పని ఇది. కంపైలర్ పక్కన ఒక సహాయకుడు కూర్చుంటాడనుకోండి. మనం వాడికి శాంపిల్ ఫైలు ఒకటి చూపిస్తాం. వాడు దాన్ని తెరిచి, పై వరుసలో కాలమ్ పేర్లు చదువుతాడు. కింద ఒక్కో కాలమ్‌లో ఏమేం ఉన్నాయో చూస్తాడు. అన్నీ పూర్తి అంకెలైతే ఇంట్ అంటాడు. చుక్క ఉన్న అంకెలైతే డెసిమల్ అంటాడు. తేదీల్లా ఉంటే తేదీ అంటాడు. ఇంకేదీ కుదరకపోతే స్ట్రింగ్, అంటే ఉత్త అక్షరాలు అంటాడు. ఇదంతా కంపైలర్‌కి చెప్తాడు. మనం ఒక్క టైపు కూడా చేత్తో రాయక్కర్లేదు. సీఎస్‌వీ ఫైళ్లకు, జేసన్‌కు, ఎక్స్‌ఎంఎల్‌కు ఇలాంటి ప్రొవైడర్లు ఎఫ్ షార్ప్ డేటా అనే లైబ్రరీలో ఉన్నాయి. ప్రపంచ బ్యాంకు లెక్కలకు కూడా ఒకటి ఉంది. అందులో చుక్క పెడితే దేశాల పేర్లు కనిపిస్తాయి, ఇండియా దగ్గర ఇంకో చుక్క పెడితే సూచికల పేర్లు కనిపిస్తాయి.

మా ఫైల్లో కాలమ్ పేర్లు తెలుగులోనే పెట్టా. వరుస అని రాసి చుక్క పెట్టగానే ఎడిటర్‌లో చిన్న డబ్బా తెరుచుకుని అందులో పేరు, ఊరు, జిల్లా అని వచ్చాయి. ప్రోగ్రాం లోపల తెలుగు మాటలు నాకోసం ఎదురుచూస్తున్నట్టు కనిపించడం అదే మొదటిసారి. రూమ్మేట్‌ని లేపి మరీ చూపించా. వాడు "పడుకోనీరా బాబూ" అన్నాడు.

ఇప్పుడు తప్పు దగ్గరికి వస్తా.

ప్రొవైడర్‌కి శాంపిల్ కావాలి కదా. అప్పటికి మొత్తం హాస్టల్ వివరాలు రాలేదు. ముగ్గురు ఫ్రెండ్స్ రూము రూముకీ తిరిగి రాసుకొస్తున్నారు. ఈలోపు నేను మా వరండాలో ఉన్న ఇరవై మంది వివరాలు నేనే కొట్టి, దాన్నే శాంపిల్‌గా ఇచ్చా. మేమంతా థర్డ్ ఇయర్. పడుతూ లేస్తూ చాలావరకు క్లియర్ చేసుకున్నోళ్లం. బ్యాక్‌లాగ్స్ కాలమ్‌లో మా ఇరవై మందికీ 0 లేదా 1 మాత్రమే ఉన్నాయి.

ఆ ప్రొవైడర్‌కి ఒక రూలు ఉంది. ఒక కాలమ్‌లో మొత్తం 0, 1 తప్ప ఇంకేం లేకపోతే దాన్ని అంకె అనుకోదు, బూల్ అనుకుంటుంది. బూల్ అంటే అవును లేదా కాదు. అందులో తప్పేం లేదు, చాలా ఫైళ్లలో 0, 1 అంటే అదే అర్థం. నేను మౌస్ పెట్టి చూశా, బూల్ అని కనిపించింది కూడా. ఆగి ఆలోచించాల్సింది. నేను సంతోషపడ్డా. సారు అడిగింది ఉందా లేదా అనే కదా, అవును ఉన్నోళ్ల పేర్లు తీస్తే పని అయిపోతుంది అనుకున్నా.

రాత్రి పదకొండు దాటాక పూర్తి ఫైలు నా చేతికొచ్చింది. దాన్ని ఇచ్చి నడిపిస్తే ప్రోగ్రాం ఆగిపోయింది. ఫలానా వరుసను చదవలేకపోయాను, ఈ కాలమ్‌లో అవును-కాదు ఉండాలి, 2 వచ్చింది అని చెప్పింది. అది ఎంత మర్యాదగా చెప్పిందో ఇప్పుడు అనిపిస్తోంది. ఎన్నో వరుస, ఏ కాలమ్, ఏం వచ్చింది, అన్నీ చెప్పింది. పొద్దున్నే లిస్టు ఇవ్వాలి. పదకొండున్నరకి ల్యాబ్ తాళం వేస్తారు. వాచ్‌మన్ అన్న అప్పటికే తలుపు దగ్గర నిలబడి తాళాల గుత్తి ఆడిస్తున్నాడు.

ఆ ప్రొవైడర్‌కి శాంపిల్‌తో పాటు ఇంకొన్ని మాటలు కూడా చెప్పొచ్చు. అందులో ఇగ్నోర్ ఎర్రర్స్ అని ఒకటుంది. దాన్ని ట్రూ అని పెడితే, చదవలేని వరుసలను పక్కన పడేసి మిగతావి చదువుకుంటూ పోతుంది. ఎన్ని పడేసిందో, ఎవరిని పడేసిందో చెప్పదు. నేను ట్రూ అని పెట్టా. లిస్టు వచ్చింది. 26 పేర్లు. పొద్దున్నే ప్రింటు తీసి వార్డెన్ సారుకు ఒకటిచ్చి, నోటీసు బోర్డు మీద ఒకటి అంటించా. వార్డెన్ సారు "శభాష్‌రా" అన్నారు. ఆ రోజంతా కొంచెం ఎత్తుగా నడిచా.

మూడో రోజు రాత్రి మెస్ దగ్గర మా వైపు తమ్ముడొకడు, సెకండియర్, పక్కకు పిలిచి రెండొందలు అప్పు అడిగాడు.

"ఎందుకురా?"

"ఇంటికి పోతన్నా అన్నా."

"ఏంది, పండగేమన్నా ఉందా?"

"పండగ కాదన్నా. లిస్టులో నా పేరు లేదు గదా. నాకు నాలుగున్నయ్. ఒక్కటి ఉన్నోళ్లకే చెప్తారంట. ఎక్కువున్నోళ్లు ఎట్టా పాస్ కారని తీసేసిర్రంట. ఇంక ఇక్కడుండి ఏం జేయాలి. మా నాయన ఒక్కడే పోడు కాడ ఉన్నడు."

ఒక్కటి ఉన్నోళ్లకే అని ఎవరు చెప్పార్రా అంటే, ఎవరూ చెప్పలేదన్నాడు. లిస్టు చూసి వాళ్లే అనుకున్నారు. ఫలానోడికి ఒకటి, ఫలానోడికి ఒకటి, వాళ్ల పేర్లున్నాయి. రెండున్నోడి పేరు లేదు, మూడున్నోడి పేరు లేదు. కాబట్టి రూలు ఇది అనుకున్నారు. ఆలోచించి చూడండి, వాళ్లు అనుకున్నది తప్పేం కాదు. లిస్టు నిజంగానే అలా ఉంది. ప్రొవైడర్ నా శాంపిల్ చూసి ఒక రూలు కట్టుకుంది, తమ్ముళ్లు నా లిస్టు చూసి ఇంకో రూలు కట్టుకున్నారు.

అన్నం పళ్లెం అక్కడే పెట్టి ల్యాబ్‌కి పరిగెత్తా. మొదటిసారి వరుసలు లెక్కపెట్టించా. ఫైల్లో 118. ప్రోగ్రాం చదివినవి 107. పదకొండు లేవు. ఆ పదకొండులో తొమ్మిది మందికి రెండు, అంతకంటే ఎక్కువ బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి. ఇద్దరికి రిజల్ట్ ఆపేశారు కాబట్టి ఆ గడి ఖాళీగా ఉంది. నా శాంపిల్‌లో ఖాళీ గడి ఒక్కటీ లేదు, అందుకని ఖాళీ కూడా దానికి తప్పులాగే కనిపించింది. క్లాసు ఎవరికోసం పెట్టారో, సరిగ్గా వాళ్లనే ఏరి మరీ బయట పెట్టింది నా ప్రోగ్రాం.

పదకొండు మందిలో ఒక్కరు కూడా వచ్చి అడగలేదు. నాకు అది ఇప్పటికీ మింగుడు పడదు.

వార్డెన్ సారుకు ఆ రాత్రే చెప్పా. తిడతారనుకున్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ముందు పోయి వాళ్లకు చెప్పు" అన్నారు. రూము రూముకీ తిరిగా. ఒకడు "అయ్యో పర్లేదన్నా" అన్నాడు. ఒకడు దుప్పటి ముసుగు తియ్యకుండానే "సరే" అన్నాడు. ఒకడు మాత్రం "నీకు బ్యాక్‌లాగ్స్ లేవు గదన్నా, నీకేం దెలుసు" అన్నాడు. నాకు ఫస్టియర్‌లో మూడున్నాయని చెప్దామనుకున్నా. చెప్పలేదు. చెప్తే నా గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుందనిపించింది. రెండొందలు అడిగిన తమ్ముడు ఆగాడు. కానీ వాడికంటే ముందే, రెండో రోజే ఒకడు వెళ్లిపోయాడు. వాళ్ల ఊళ్లో సిగ్నల్ ఉండదు. ఆ రూటు బస్సు కండక్టర్ అన్నకు చీటీ ఇచ్చి పంపించాం. పన్నెండు రోజులకు వచ్చాడు. అప్పటికి సారు ఒక యూనిట్ అయిపోగొట్టి రెండోది సగంలో ఉన్నారు. వాడు ఈసారి రెండు సప్లీలకు ఫీజు కట్టి ఒక్కటే రాశాడు.

ఇది జరిగాక ఈ టైప్ ప్రొవైడర్ల గురించి సరిగ్గా చదవడం మొదలుపెట్టా. 2016లో తోమాస్ పెట్రిచెక్, గుస్తావో గెర్రా, డాన్ సైమ్ కలిసి రాసిన పేపర్ ఒకటుంది. శాంపిల్స్ చూసి టైపు ఎలా కట్టాలి అనేదే దాని విషయం. అందులో లెక్కలు నాకు సగం అర్థం కాలేదు. కానీ అసలు మాట అర్థమైంది. మామూలు టైపులు ఇచ్చే హామీ వేరు, ఇది ఇచ్చే హామీ వేరు. ఇది షరతుతో కూడిన హామీ. రేపు వచ్చే డేటా, ఇవాళ నువ్వు చూపించిన శాంపిల్ ఆకారంలో ఇమిడితేనే ప్రోగ్రాం పడిపోకుండా నడుస్తుంది. ఇమడకపోతే హామీ లేదు. అంటే శాంపిల్‌లో ఎవరిని పెట్టావు అనేది కంపైలర్ పని కాదు, నీ పని.

ఇది చదివినప్పుడు నాకు మా ఊరు గుర్తొచ్చింది. మాది చింతూరు వైపు. నేను పుట్టినప్పుడు అది ఖమ్మం జిల్లా. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు పేరుతో మా మండలాలను ఆంధ్రలో కలిపారు, తూర్పు గోదావరి అయింది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. మా ఇల్లు కదల్లేదు, మా చింతచెట్టు కదల్లేదు. నా కాగితాల మీద మాత్రం మూడు జిల్లాలున్నాయి. ఇంటర్ తర్వాత ఒక ఆన్‌లైన్ ఫారం నింపడానికి నెట్ సెంటర్‌కి పోతే, జిల్లా అనే చోట కిందికి జారే లిస్టులో మా కొత్త జిల్లా లేదు. నెట్ సెంటర్ అన్న "ఏదో ఒకటి పెట్టెయ్ తమ్ముడూ, లేకపోతే ముందుకు పోదు" అని పాత జిల్లా నొక్కాడు. తర్వాత కాగితాలు చూసే చోట పేర్లు కలవట్లేదని రెండుసార్లు తిప్పారు. అమ్మ కూలి మానుకుని నాతో రెండుసార్లూ వచ్చింది. ఆ ఫారం రాసినోడి మీద అప్పుడు ఎంత కోపమొచ్చిందో. వాడి దగ్గర ఉన్న శాంపిల్‌లో మా జిల్లా లేదు, అంతే. నా శాంపిల్‌లో సెకండ్ ఇయర్ లేనట్టే.

బీటెక్ వాళ్ల కోసం కొంచెం లోతుగా చెప్తా. మిగతావాళ్లు ఈ రెండు పేరాలు దాటినా పర్లేదు.

ఎఫ్ షార్ప్‌లో రికార్డులు, డిస్క్రిమినేటెడ్ యూనియన్లు అని రెండు మంచి ఆకారాలున్నాయి. యూనియన్ అంటే, ఈ విలువ ఇదో, అదో, ఇంకోటో మాత్రమే అవుతుంది అని చెప్పడం. దాన్ని మ్యాచ్ చేసేటప్పుడు ఒక్క కేసు మర్చిపోయినా కంపైలర్ హెచ్చరిస్తుంది. ప్రొవైడర్ నా ఫైలు చూసి ఈ యూనియన్లు కూడా అదే తయారుచేస్తే ఎంత బాగుండు అనుకున్నా, వెతికా. అది కుదరదు. ప్రొవైడర్‌కీ కంపైలర్‌కీ మధ్య మాట డాట్ నెట్ భాషలో జరుగుతుంది. క్లాసు, ప్రాపర్టీ, మెథడ్, ఇవే అది ఇవ్వగలిగేవి. రికార్డు, యూనియన్ ఎఫ్ షార్ప్ సొంత మాటలు, ఆ దారిలో అవి దాటవు. మా అమ్మ కోయలో చెప్పేది నేను ఆఫీసులో తెలుగులో చెప్తే కొంత దాటదు చూడండి, అట్లా. పైగా చాలా ప్రొవైడర్లు ఇచ్చే టైపులు ఎరేజ్డ్ రకం. కంపైల్ అయ్యేదాకా ఉంటాయి, నడిచేటప్పుడు చెరిగిపోయి మామూలు టపుల్ లాంటిది మిగులుతుంది. నిజంగా ఫైల్లో మిగిలే జెనరేటివ్ రకం కూడా ఉంది, కానీ అందులోనూ వచ్చేవి క్లాసులే. ఇడ్రిస్ అనే ఇంకో ఫంక్షనల్ భాషలో ఈ అడ్డు లేదు. అక్కడ టైపు కూడా ఒక విలువే కాబట్టి, కంపైల్ టైంలో మామూలు ప్రోగ్రాం నడిచి టైపును చేతికిస్తుంది. డేవిడ్ క్రిస్టియన్సెన్ 2013లో దాని గురించి రాశారు.

మొదట్లో ఎఫ్ షార్ప్‌లో ఇది లోటు అనిపించింది. ఇప్పుడు అట్లా అనిపించట్లేదు. నా శాంపిల్ చూసి జిల్లాకు యూనియన్ కట్టి ఉంటే, అందులో మా వరండా వాళ్ల జిల్లాలే ఉండేవి, తలుపు మూసేసేది. ఆ పేపర్ రాసినవాళ్లు కూడా బయటి డేటా ఎప్పుడూ తెరిచి ఉన్నదే అనుకోవాలంటారు. శాంపిల్‌లో కనపడని రకం రేపు రావచ్చు, అది వస్తే ఏం చేస్తావో ఇప్పుడే రాయి అన్నట్టు వాళ్ల టైపులు ఉంటాయి. మూసేసే పని మనిషి ఆలోచించి చేయాలి, యంత్రం ఇరవై వరుసలు చూసి చేయకూడదు. అందుకని నేను రెండు మెట్లుగా రాశా. బయట ప్రొవైడర్. బ్యాక్‌లాగ్స్ కాలమ్ పూర్తి అంకె అని, ఖాళీగా కూడా ఉండొచ్చు అని స్కీమాలో నా చేత్తో చెప్పా. లోపల నా సొంత రికార్డు, నా సొంత యూనియన్. అందులో మూడే కేసులు: ఏమీ లేవు, ఇన్ని ఉన్నాయి, ఇంకా తెలీదు. ఆ మూడో కేసు రాసేటప్పుడు రిజల్ట్ ఆపేసిన ఆ ఇద్దరి మొహాలూ కళ్లముందుకొచ్చాయి. ప్రొవైడర్‌కి అది ఎప్పటికీ తెలిసేది కాదు. దానికి అది ఉత్త ఖాళీ గడి.

ఇగ్నోర్ ఎర్రర్స్ తీసేశా. ఇప్పుడు నా ప్రోగ్రాం లిస్టు కింద రెండు అంకెలు అచ్చేస్తుంది, వచ్చినవి ఎన్ని, చదివినవి ఎన్ని అని. రెండూ కలవకపోతే లిస్టు ఇవ్వదు. చదవలేని వరుసల పేర్లు ముందు చూపిస్తుంది. శాంపిల్ కూడా మార్చా. అన్ని ఇయర్లలోంచి, అన్ని ఫ్లోర్లలోంచి, ఖాళీలున్నోళ్లు, ఎక్కువున్నోళ్లు అందరూ ఉండేట్టు పెట్టా. నిజానికి ఆ రోజు మొత్తం ఫైలే శాంపిల్‌గా ఇచ్చినా సరిపోయేది. సీఎస్‌వీ ప్రొవైడర్ మామూలుగా మొదటి 1000 వరుసలు చూస్తుంది, మేం 118 మందిమే. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు నేను మిగుల్చుకున్నా, ఒకడికి పన్నెండు రోజులు పోయాయి.

ఇదంతా చదివి టైప్ ప్రొవైడర్లు మంచివి కావు అనుకోకండి. నేను ఇప్పటికీ వాడుతున్నా. తప్పు స్పెల్లింగ్ దగ్గర ఎర్ర గీత వచ్చినప్పుడు ఇప్పటికీ హాయిగా ఉంటుంది. ఆ రాత్రి అది చేయాల్సింది అది చేసింది. ఆగింది, ఫలానా వరుస అని చెప్పింది. నోరు మూయించింది నేను.

మన పిల్లలు ఇప్పుడిప్పుడే కంప్యూటర్ చదువులకు వస్తున్నారు. రేపు హాస్టల్ లిస్టులు, స్కాలర్‌షిప్ లిస్టులు, భూమి పట్టాల లిస్టులు రాసే ప్రోగ్రాముల దగ్గర మనలో ఎవరో ఒకరు కూర్చుంటారు. మనోడు కూర్చున్నాడు కదా, మనకు న్యాయం జరుగుతుంది అనుకుంటాం. నేను మనోడినే. మా హాస్టల్లోనే, మా వాళ్ల లిస్టులోంచే పదకొండు మందిని తీసేశా. మనోడు కావడం ఒక్కటే సరిపోదు, లెక్కపెట్టాలి కూడా.

ఇక చివరి మాట ప్రోగ్రాం రాసేవాళ్లకు కాదు, లిస్టు చూసుకునేవాళ్లకు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఏ లిస్టులోనైనా మీ పేరు కనపడకపోతే, మనకు రాదులే, మనల్ని తీసేశారులే అనుకుని ట్రంకు పెట్టె సర్దుకోకండి. వెళ్లి అడగండి. తెలుగు సరిగ్గా రాకపోయినా అడగండి, ఒక్కరే వెళ్లలేకపోతే ఇంకొకరిని తీసుకెళ్లి అడగండి. అవతల మిమ్మల్ని వద్దనుకున్నోడు ఎవడూ లేకపోవచ్చు. నాలాంటోడు ఒకడు, తాళం వేసే టైం అయిందని, రాత్రి పదకొండున్నరకి ఒక్క మాట రాసి లేచిపోయి ఉంటాడు. అంతే అయి ఉండొచ్చు.

టెక్నికల్‌గా ఏదైనా తప్పు రాసుంటే పెద్దోళ్లు చెప్పండి, దిద్దుకుంటా.

జై ఆదివాసీ.